తెహ్మీ ఆంటీ అమ్మిన కారు

హిల్లాకి ఆ బేరం మొదట్నుంచీ నచ్చలేదు. నచ్చకపోవడానికి కారణం, అది మరీ మంచి బేరం కావడమే.

గుజరాతీ పేపర్లో పడిన ప్రకటన రెండు వరుసలకి మించి లేదు. పాత ఫియట్, కొన్ననాటినుంచీ ఒకే ఇంట్లో ఉన్నది, పార్శీల కారు, పార్శీలకే ఇవ్వబడును. బొంబాయిలో ఆ మాటలకి ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. పార్శీవాడి కారంటే ఎండకి కందనిది, వాన ఎరగనిది, ఆదివారం ఆదివారం తలంటు పోసుకునేది అని ఊరందరి నమ్మకం. పార్శీలకి లోపలి సంగతి తెలుసు కనక ఆ నమ్మకంతోపాటు ఓ అనుమానం కూడా ఉంటుంది. కట్టుకున్న పెళ్ళాం కంటే కారుని బాగా చూసుకునే ఇల్లు దాన్ని గుమ్మం దాటనిస్తోందంటే, అందులో ఏదో ఉండాలి.

ఆ ఏదో ఏమిటో కనిపెట్టడానికే హిల్లా మొగుడు పేసీతో పాటు వెళ్ళింది. కారు తెహ్మీ ఆంటీది. దాదర్ పార్శీ కాలనీలోనే, వీళ్ళ వీధికి అవతలి వీధి. పెళ్ళి చేసుకోలేదు, ఎనభై దాటాయి, అన్నగారు కేకీ పోయి ఏడాదవుతోంది. అప్పటికే ఓ డాక్టరునీ, ఓ హోటలాయన్నీ, మిల్లు మేనేజరొకణ్ణీ టీ ఇచ్చి మరీ వెనక్కి పంపేసిందని కాలనీలో చెప్పుకుంటున్నారు. ముగ్గురూ అడిగినదానికంటే ఎక్కువే ఇస్తామన్నవాళ్ళే.

పేసీ కారు చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. తెహ్మీ ఆంటీ అతనికేసి చూడనైనా చూడలేదు. హిల్లాని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ ఆయన రిటైరయ్యాడా?"

"వానలు మొదలవకముందే అయ్యాడు ఆంటీ."

"పగలంతా ఎక్కడుంటాడు?"

"ఇంట్లోనే."

"ఇంట్లో అంటే, హాల్లోనా? వంటింట్లోనా?"

హిల్లా కప్పు దించింది. పెద్దవాళ్ళకి ఆరాలెక్కువని సరిపెట్టుకుంటూ, "వంటింట్లోనే ఎక్కువ," అంది.

తెహ్మీ ఆంటీ ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచింది. "కారు మీదే," అంది. "నెల రోజులు నడుపుకోండి. నచ్చకపోతే తెచ్చి ఇక్కడే పెట్టండి, మీ డబ్బు మీకిచ్చేస్తాను. ఆదివారం పొద్దున్న నన్ను లాల్‌బాగ్ అగియారీకి తీసుకెళ్ళి తీసుకురావాలి. ఇంక నాకేం అక్కర్లేదు."

ముగ్గురు డబ్బున్నవాళ్ళని కాదని, జేబులు తడుముకుని కొనే పేసీకి ఇవ్వడమేమిటి? పైగా అడక్కుండా నెల రోజుల గడువా? దారి పొడుగునా హిల్లా ఆలోచిస్తూనే ఉంది. ఆమె కాలేజీలో చదివింది తర్కశాస్త్రం. ఆ చదువు సంసారంలో చేపలు బేరమాడేటప్పుడు తప్ప ఎప్పుడూ అక్కరకి రాలేదు. ఇప్పుడు బయటికి తీసి దుమ్ము దులిపింది.

అయినా కారు వద్దని ఆమె అనలేదు. అనకపోవడానికి ఆమె కారణం ఆమెకుంది. పేసీ రైల్వే పార్సిలాఫీసులో బతుకంతా తూకాలు చూసిన మనిషి. రిటైరైన మర్నాడే వంటింట్లోకి ఓ త్రాసుతో వచ్చాడు. ధన్‌సాక్‌లో వేసే పప్పులు తూచాడు. డబ్బాలకి చీటీలంటించి, చీటీలన్నీ ఒకే వైపుకి తిరిగి ఉండాలన్నాడు. అకూరీ చేస్తుంటే వెనక నిలబడి, "గుడ్డుకి ఎంత ఉల్లిపాయ అనేది నువ్వు ఏ లెక్కన వేస్తున్నావు?" అని అడిగాడు. ఇంత కాలం ఆమె చేతి వంట లొట్టలేసుకుంటూ తిన్న మనిషే. కోపం తెచ్చుకోడానికి కూడా వీల్లేనంత మర్యాదగా అడుగుతాడు, అదీ బాధ. కారు కింద కాంపౌండులో ఉంటుంది. పేసీ కారు దగ్గరుంటాడు. వంటిల్లు హిల్లాకి మిగులుతుంది. బేరంలో ఆమె వాటా అదీ.

వచ్చిన రెండో రోజున కారు ఆగిపోయింది.

లాల్‌బాగ్ దాకా చక్కగా వెళ్ళింది. బైకలా వంతెన ఎక్కుతూ ఓసారి దగ్గి, ఓసారి నిట్టూర్చి, నిలబడిపోయింది. వెనక బస్సువాడు పేసీ వంశాన్ని పేరుపేరునా తలుచుకున్నాడు. కాసేపు ఊరుకుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరింది. మర్నాడు మాహిం దగ్గర అంతే. ఆ తర్వాత వర్లీలో సముద్రపొడ్డున అంతే. దగ్గరికెళితే బుద్ధిగా వెళ్ళొస్తుంది, కాస్త దూరం పెట్టుకుంటే నడిరోడ్డు మీద అలుగుతుంది.

"కొత్త చోటు కదా, అలవాటు పడాలి," అన్నాడు పేసీ.

"కొత్త కోడలేం కాదు పేసీ. నీ కంటే కాస్తే చిన్నది."

మెకానిక్ లోబో వచ్చాడు. ఇగ్నిషన్ కాయిల్ పోయిందన్నాడు, మార్చాడు. ప్లగ్గులన్నాడు, మార్చాడు. కార్బరేటర్ విప్పి, పళ్ళెంలో పెట్టి, పెళ్ళికూతురికి నలుగు పెట్టినంత శ్రద్ధగా కడిగాడు. కాంపౌండులో ఓ రౌండు వేసి, "ఇంక పూనా దాకా ఆగదు మేడం," అన్నాడు. పూనా మాట దేవుడెరుగు, బాంద్రా దాటలేదు.

హిల్లా లోబోని అనుమానించింది. ఓ రోగం కుదర్చడానికొచ్చి ఇంకోటి అంటించి పోతున్నాడా అని అతను పనిచేస్తున్నంతసేపూ బాల్కనీలో చిక్కుళ్ళు ఒలుస్తూ కాపలా కాసింది. అతను టీ తాగడం తప్ప తప్పు పని ఏదీ చెయ్యలేదు.

పేసీ మాత్రం సుఖంగా ఉన్నాడు. పొద్దున్నే మోచేతులదాకా గ్రీజు పూసుకుని, పాత పేపర్ల మీద మరలు బారులు తీర్చి, ప్రతి మరకీ ఓ చీటీ రాసి పెట్టుకునేవాడు. వంటింట్లో పప్పు డబ్బాలు ఒక్కొక్కటే తమ ఇష్టమొచ్చిన వైపుకి తిరిగాయి. హిల్లా పాడుకుంటూ వండింది. పాడుకుంటూనే అనుమానపడింది. ఆమెకి రెండూ ఒకేసారి చెయ్యడం చేతనవును.

ఆదివారాల్లో అనుమానం ఇంకా చిక్కబడేది. తెహ్మీ ఆంటీ తెల్లటి రుమాలు తలకి కట్టుకుని, అగియారీలో అగ్నికి సమర్పించే గంధపుచెక్క పొట్లం ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది. ఆమె ఎక్కితే కారు పుట్టింటికొచ్చినట్టు మెత్తగా వెళ్ళొచ్చేది.

"వారంలో ఎక్కడైనా ఆగిందా డీక్రీ?" అని హిల్లాని బిడ్డలా పలకరించి అడిగేది.

"ఆగింది ఆంటీ. రెండు సార్లు."

"పాపం," అనేది ఆంటీ. ఆ పాపంలో జాలి చెంచాడు కూడా లేదు. "మరి మీ ఆయనకి పనేగా?"

"పొద్దస్తమానం కిందే."

"పైకి రాడా?"

"భోజనానికొస్తాడు."

ఆంటీ కిటికీలోంచి బయటికి చూస్తూ తృప్తిగా తలాడించేది. అమ్మినావిడకి తన కారు ఆగుతోందంటే సిగ్గో బెంగో ఉండాలి, తృప్తేమిటి? హిల్లా దాన్ని మనసులో ఓ పక్కన భద్రంగా పెట్టింది.

అంతా ఇలాగే సాగి ఉంటే సాగేది. మధ్యలో మేనగోడలి పెళ్ళొచ్చింది.

పార్శీ పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళొచ్చు, భోజనానికి ఆలస్యంగా వెళ్ళకూడదు. పేసీ తెల్లటి డగలీ కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, హిల్లా వాళ్ళ అమ్మ నాటి అంచు చీర కట్టుకుని బయల్దేరారు. దారిలో కారు ఆగింది. ఊరుకుంటే మళ్ళీ కదిలింది. కదిలి, మళ్ళీ ఆగింది. పేసీ ఆ తెల్లబట్టలతోనే బానెట్ ఎత్తాడు. వీళ్ళు చేరేసరికి ఆకుల్లో చుట్టిన చేప అయిపోయింది, కస్టర్డు అయిపోయింది, ఆఖరి పంక్తి లేచి చేతులు కడుక్కుంటోంది. పెళ్ళికొడుకు బాబాయి పేసీ డగలీ మీది గ్రీజు మరక చూసి, "ఏం పేసీ, కారునెక్కించుకుని నువ్వు నడిచొచ్చావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పేసీ నవ్వలేదు. ఇంటికొచ్చి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ ఆదివారంతో నెల నిండుతుంది," అన్నాడు. "తెచ్చి పెట్టెయ్యమంది కదా, పెట్టేద్దాం. ఈ వయసులో నాకెందుకు ఇది."

హిల్లా వంటింటి వైపు చూసింది. అటక మీద త్రాసు పళ్ళేలు మెరుస్తూ కనిపించాయి.

మర్నాడు ఆమె లెక్క మొదట్నుంచీ తీసింది. లోబో మార్చినవేవీ రోగం కావు. రోగమైతే దగ్గరా దూరం చూడదు. కాసేపు ఆగితే నయమయ్యేది ఏమిటి? సాయంత్రం టీ పెట్టుకుంటూ కూడా అదే ఆలోచన. పుదీనా, నిమ్మగడ్డి వేసి మరిగించి, పాలు కలిపి కెటిల్లో పోసి, కప్పులోకి వంచింది. ధార సన్నబడి, ఆగిపోయింది. మీగడ తరక కొమ్ముకి అడ్డం పడింది. కెటిల్ బల్ల మీద పెట్టింది. మీగడ వెనక్కి పోయింది. మళ్ళీ వంచితే ధార మళ్ళీ వచ్చింది, ఇంకాసేపటికి మళ్ళీ ఆగింది.

హిల్లా కప్పు నింపకుండానే కెటిల్ దించేసింది.

పేసీ హాల్లో పేపరు మొహమ్మీద వేసుకుని నిద్రపోతున్నాడు. ఆమె బట్టల హ్యాంగరొకటి విప్పి, కొస వంచి కొక్కెం చేసుకుని కిందికి దిగింది. పెట్రోలు మూత తీసి తీగని లోపలికి పంపింది. చేప కోసం గాలం వేసినంత ఓపికగా తిప్పింది. చాలాసేపటికి కొక్కేనికి మెత్తటిదేదో తగులుకుంది. లాగితే జారింది. మళ్ళీ తగిలించి, మెల్లిగా పైకి తెచ్చింది.

గుడ్డ. జేబురుమాలంత ముక్క. పెట్రోలులో నాని పచ్చబడినా మల్లుగుడ్డ అని తెలుస్తూనే ఉంది. ప్రతి పార్శీ ఒంటినీ అంటిపెట్టుకునుండే సుద్రా చొక్కా తాలూకు గుడ్డ. చినిగిపోయిన సుద్రాలతో కారు తుడవడం, పెట్రోలు వడకట్టడం కాలనీలో అన్ని ఇళ్ళలోనూ ఉన్నదే. వడకడుతూ జారవిడిచి ఉంటారు, పాపం, అనుకోబోయింది.

ఈలోగా వేలికి కుట్టు తగిలింది. ముక్కకి నాలుగు వైపులా అంచు మడిచి సన్నగా కుట్టి ఉంది, ఒక్క దారం కూడా ఊడిరాకుండా. పొరపాటున జారిపడిన గుడ్డకి ఎవరూ అంచు కుట్టరు.

తీగ లాగితే డొంకంతా కదిలింది. ఇదా సంగతి అనుకుంది హిల్లా. గుడ్డ వేసి అమ్మడం. ఆగి ఆగి విసుగెత్తించడం. నెల తిరిగేసరికి కొత్త కాయిల్‌తో, కొత్త ప్లగ్గులతో, కడిగిన కార్బరేటర్‌తో కారు వెనక్కి రాబట్టుకోవడం. ఎనభై ఏళ్ళ మనిషి, తలకి రుమాలు, చేతిలో గంధపుచెక్క. ఎన్ని నెలలు, ఎంతమంది చేత బాగు చేయించుకుందో.

పేసీని లేపి గుడ్డ చూపించింది. అతనికి కుట్రలతో పని లేదు. గుడ్డ అటూ ఇటూ తిప్పి చూసి, ఆమె భుజం తట్టి, తాళం తీసుకుని వెళ్ళిపోయాడు. కారు వర్లీ వెళ్ళింది, బాంద్రా వెళ్ళింది, హిల్లాని కూడా ఎక్కించుకుని ఠాణా వెళ్ళి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. ఆదివారం తెహ్మీ ఆంటీని తీసుకెళ్ళినప్పుడు కారు తిరిగిచ్చే మాట పేసీ ఎత్తలేదు. ఆంటీ మామూలుగానే అడిగింది, వారంలో ఎక్కడైనా ఆగిందా అని.

"ఇంక ఆగదు ఆంటీ," అన్నాడు పేసీ. "బంగారంలా ఉంది. చూడ్డానికి కూడా పనేం మిగల్లేదు."

ఆంటీ హిల్లా వైపు చూసింది. ఆ చూపులో దొరికిపోయిన దొంగ ఎక్కడా కనపడలేదు. చావు కబురు విన్న చుట్టం కనపడింది.

పనేం మిగల్లేదన్న మాట అర్థం హిల్లాకి మంగళవారానికి బోధపడింది. పేసీ కారుని తుడిచాడు. తుడిచినదాన్ని మళ్ళీ తుడిచాడు. బానెట్ ఎత్తి, లోపల చెయ్యడానికేమీ లేక, దించాడు. పైకొచ్చి, చేతులు కడుక్కుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"హిల్లా, ఈ పసుపు డబ్బా మొహం గోడవైపుకి ఎందుకుంది?"

బుధవారం త్రాసు అటక దిగింది. గురువారం ధన్‌సాక్‌లోకి కందిపప్పెంత, మసూరెంత, గుమ్మడికాయెంత అని పేసీ ఓ పట్టీ రాసి గోడకంటించి, ఉప్పుకి మాత్రం ఖాళీ వదిలాడు, ఆమె అభిప్రాయం కోసం. శుక్రవారం మధ్యాహ్నం హిల్లా ఉతికి ఆరేసిన గుడ్డముక్కని పర్సులో పెట్టుకుని అవతలి వీధికి నడిచింది.

తెహ్మీ ఆంటీ తలుపు తీసి, పర్సులోంచి బయటికొచ్చిన గుడ్డ చూసి, "లోపలికి రా. వాకిట్లో ఎందుకు?" అంది.

"ఇది మీ చేతి కుట్టే కదా ఆంటీ?"

"నాదే. కుట్టు బావుందా?"

"ఏ ఇంట్లోనైనా అమ్మే కారులో గుడ్డ కుక్కుతారా?"

"కుక్కలేదు డీక్రీ. మర్యాదగా వేశాను. అంచు కుట్టకుండా వేస్తే పోగులు లోపలికెళ్ళి ఇంజను పాడవదూ?" ఆంటీ గుడ్డ తీసుకుని ఒళ్ళో పరుచుకుని సాపు చేసింది. "మెడ దగ్గర చిన్న జేబుంటుంది చూడు, అది ముందే కత్తిరించి దాచాను. చేసుకున్న పుణ్యం ఉండే చోటు. దాన్ని పెట్రోల్లో వేస్తానా?"

"ఎందుకు వేశారని అడుగుతున్నాను."

"మా అన్నయ్య బ్యాంకు నుంచి రిటైరయ్యాడు. తెలుసుగా? వచ్చి వంటింట్లో కూర్చున్నాడు. నీళ్ళు ఏ పొయ్యి మీద తొందరగా కాగుతాయో చూస్తానని గడియారం పట్టుకునేవాడు. చిన్నప్పట్నుంచీ నేను వండిపెట్టిన మనిషే. 'తెహ్మీ, నువ్వు కత్తి పట్టుకోవడం తప్పు' అన్నాడు. ఆ రోజు ఆ కత్తి నేను కింద పెట్టాను కనక వాడు నిండు నూరేళ్ళూ బతికాడు." ఆంటీ టీ పోసింది. "మర్నాడు గుడ్డ వేశాను. ఇంక చచ్చేదాకా కిందే ఉన్నాడు. సుఖంగా ఉన్నాడు. నేనూ ఉన్నాను. ఇద్దరం ఒక్క మాట అనుకుని ఎరగం."

హిల్లా వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. డాక్టరు, హోటలాయన, మిల్లు మేనేజరు. ముగ్గురూ పొద్దున్న లేస్తే పనికి పోయేవాళ్ళు.

"అంటే మీరు కారు పేసీకి అమ్మలేదు."

"పేసీతో నాకేం పని? నీ మొహం చూసి ఇచ్చాను. టీ కప్పు పట్టుకున్న తీరులోనే తెలిసింది, ఎన్నాళ్ళనుంచో వేగిపోతున్నావని." ఆంటీ నిట్టూర్చింది. "అంత తెలివిగలదానివని తెలిస్తే ముందే చెప్పి ఉందును. చదువుకున్నావా?"

"తర్కశాస్త్రం."

"అదీ. కిందకి దిగి గాలం వేసేముందు ఆ తర్కంతోనే ఇంకో మెట్టు వెళ్ళి ఉంటే సరిపోయేది."

హిల్లాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కప్పులో పెట్టుకుంది. "మళ్ళీ వేద్దామంటే, పేసీ మొదట చూసేది అక్కడే," అంది చివరికి. "పైగా పెళ్ళిలో అందరూ నవ్వారు ఆంటీ. అలా మాత్రం మళ్ళీ చెయ్యలేను."

"పెళ్ళికి టాక్సీలో వెళ్ళాలి. ఆ మాట చెప్పడం మర్చిపోయాను, నా తప్పే." ఆంటీ గుడ్డ మడిచి హిల్లా చేతిలో పెట్టింది. "నాకు తెలిసిన మందు ఇదొక్కటే. నీకేదైనా తోస్తే చూసుకో."

ఇంటికి నడిచొస్తూ హిల్లా కారు దగ్గర ఆగింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. పెట్రోలు మూత మీద చెయ్యి వేసింది. తీసింది. చాలా తేలికైన పని. బ్యాటరీ దగ్గర ఓ తీగ వదులు చేస్తే ఇంకా తేలిక. ఆ తెల్లటి డగలీ మీద గ్రీజు మరక గుర్తొచ్చి మూత పెట్టేసింది.

పైకెళ్ళేసరికి పేసీ స్టూలెక్కి వంటింటి పై అర సర్దుతున్నాడు. మసాలా డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం నిలబెట్టాడు. ఏ డబ్బా ఎక్కడుందో ఆమెకి ఇంకో నెల దాకా తెలిసే వీలు లేదు.

హిల్లా పర్సు కొక్కేనికి తగిలించి, పొయ్యి వెలిగించి, ఉల్లిపాయ తీసుకుంది. ఇంత కాలం అనుమానమంతా ఆమే ఒంటరిగా మోసింది. పేసీ ఎవర్నీ, దేన్నీ అనుమానించి ఎరగడు. ఇంత బరువు ఇంట్లో ఒక్కరే మొయ్యడం ఏ లెక్కన న్యాయం?

"పేసీ," అంది, ఉల్లిపాయ తరుగుతూ. "మొన్న ఠాణా నుంచి వస్తుంటే కారు ఎడమ వైపు నుంచి ఏదో చప్పుడొచ్చింది కదూ?"

పేసీ స్టూలు మీదే వెనక్కి తిరిగాడు. "చప్పుడా? నాకేం వినపళ్ళేదే."

"అయితే ఏం లేదులే."

"ఎలాంటి చప్పుడు?"

"నాకేం తెలుసు. నా భ్రమేమో."

"ముందు చక్రం దగ్గరా? వెనక చక్రం దగ్గరా?"

"చెప్పలేను. ఓసారి ముందనిపించింది. కంగారు పడాల్సిందేం కాదులే, ఆ పసుపు డబ్బా ఇలా ఇయ్యి."

పేసీ డబ్బా ఇవ్వలేదు. స్టూలు దిగాడు. కాసేపు గోడకేసి చూస్తూ, తల ఓ పక్కకి వంచి, మొన్నటి దారినంతా చెవులతో మళ్ళీ నడిచాడు. హిల్లాకి ఆ మొహం తెలుసు, అది నెలంతా అనుమానపడిన తన మొహమే. లోబో మార్చిన కాయిల్ సంగతి, ఠాణా రోడ్డు గుంతల సంగతి, తెహ్మీ ఆంటీ ఎందుకమ్మిందన్న సంగతి, ఒక్కొక్కటే ఆ మొహం మీదికొచ్చి కూర్చుంటున్నాయి.

"టక్ టక్ మనా, కిర్రు మనా?" అన్నాడు చెప్పులేసుకుంటూ.

"రెండూ కాదు. మధ్యరకం."

మెట్ల మీద అడుగులు కిందికి వెళ్ళాయి. కాసేపటికి బానెట్ ఎత్తిన మోత వినపడింది. హిల్లా స్టూలెక్కి, కారప్పొడి డబ్బా ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టింది.